సంధి నిష్ఠూరమా?

ఇద్దరు ఎప్పుడూ పోట్లాడుకుంటుంటే పెద్దవాళ్లు 'ఉప్పూ నిప్పూ' అంటారు, 'పామూ ముంగిసా' అంటారు. మా తరం వాళ్లం మాత్రం 'టామ్ అండ్ జెర్రీ' అంటాం. ఈమధ్య మా అమ్మ కూడా అదే అంటోంది. నన్నూ తమ్ముణ్ణీ చూసి వారానికి నాలుగుసార్లైనా ఆ పేరు ఎత్తుతుంది. అయితే ఆ పిల్లీ ఎలుకల ఇంట్లో మూడోవాడు కూడా ఉన్నాడు. బూడిద రంగు బుల్‌డాగ్. మెడకు పట్టీ, ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ. అందరం వాణ్ణి స్పైక్ అనే పిలుస్తాం. పిల్లికీ కుక్కకీ పుట్టువైరమని చెప్పడానికి చాలామంది ఈ టామ్‌నీ స్పైక్‌నీ చూపిస్తారు. నాకు అలా అనిపించదు. ఎందుకో చెప్పాలంటే ఒక పాత బొమ్మల సినిమా గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఆ సినిమా పేరు 'ద ట్రూస్ హర్ట్స్'. ఎం.జి.ఎం. సంస్థ 1948 జూలై 17న విడుదల చేసింది. దర్శకులు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. నిడివి ఏడెనిమిది నిమిషాలే. 'నిజం నిష్ఠూరం' అని మనం అనుకునే మాటకు దగ్గరగా ఇంగ్లీషులోనూ ఒక నానుడి ఉంది. అందులో నిజం అనే మాట తీసేసి దాని బదులు సంధి అనే మాట పెట్టి పేరు కట్టారు. తెలుగులో చెప్పాలంటే 'సంధి నిష్ఠూరం'.

సినిమా మొదలయ్యేసరికి ముగ్గురూ కొట్టుకుంటూ ఉంటారు. ఎవరు ఎవరిని కొడుతున్నారో చూసుకునేలోపు ఇంకో దెబ్బ పడుతుంది. మధ్యలో హఠాత్తుగా కుక్క ఆగుతాడు, మిగతా ఇద్దర్నీ ఆపుతాడు. ఇలా ఎన్నాళ్లు కొట్టుకుంటాం, కుక్కా పిల్లీ కలిసి ఉండలేవా, పిల్లీ ఎలుకా కలిసి ఉండలేవా అని అడుగుతాడు. టామ్ అండ్ జెర్రీలో మాటలు చాలా తక్కువ. అలాంటిచోట ఒక పాత్ర నోరు తెరిచి ఇంత పెద్ద మాట మాట్లాడటమే విశేషం. వెంటనే శాంతి ఒప్పందం రాసుకుంటారు. ముగ్గురూ సంతకాలు పెడతారు. ఎలుక సంతకం కూడా ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పని పడుతుంది.

ఆ తర్వాత వచ్చే రెండు మూడు నిమిషాలు నాకు చాలా ఇష్టం. ముగ్గురూ ఒకే మంచం మీద పడుకుంటారు. పొద్దున్నే లేచి ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటారు. కలిసి వీధిలోకి షికారు బయలుదేరతారు. ఎక్కడినుంచో వచ్చిన ఇంకో పిల్లి జెర్రీని పట్టుకుంటే టామే అడ్డుపడి విడిపిస్తాడు. ఏళ్ల తరబడి ఆ ఎలుక కోసం గోడలు దూకినవాడు, వేరేవాడు దాని జోలికొస్తే ఊరుకోడు. థియేటర్లో కూర్చున్నవాళ్లు ఇక్కడ నవ్వి ఉంటారు. నాకు మాత్రం ఈ చోట నవ్వుకన్నా ముచ్చట ఎక్కువ కలుగుతుంది.

ఇంతలో మాంసం బండి ఒకటి జోరుగా వచ్చి ముగ్గురి మీదా బురద చిమ్మి పోతుంది. ఇక్కడొక మాట పక్కన చెప్పాలి. ఆ బురద పడిన ముఖాలను చూపించిన తీరులో అమెరికాలో నల్లజాతి వాళ్లను వెక్కిరించే ఒక పాత చెడ్డ అలవాటు ఉంది. టీవీలో ఆ ముక్క కోసేశారు. కోసేసి ఊరుకోవడం కన్నా అది ఎందుకు తప్పో పిల్లలకు చెప్పి చూపిస్తే మంచిదని నా అభిప్రాయం. సరే, బండిలోంచి ఒక పెద్ద మాంసపు ముక్క జారి వీళ్ల దగ్గర పడుతుంది. ఇంటికి తీసుకెళ్లి వండుకుంటారు. ఇక పంపకం. ఒకడు కోస్తే పెద్ద ముక్క వాడివైపే ఉంటుంది. ఇంకొకడు నేను కోస్తానంటాడు, ఈసారి పెద్ద ముక్క వాడివైపు వెళ్తుంది. ఎలుక కూడా తక్కువేం తినలేదు, వాడికీ పెద్ద ముక్కే కావాలి. లాక్కోవడంలో ఆ మాంసం కాస్తా వెళ్లి మురుగు కాలువలో పడుతుంది. ఎవరికీ దక్కదు. ముగ్గురూ కాగితం చింపేసి, సినిమా మొదట్లో ఎక్కడ ఆపారో అక్కడినుంచి కొట్టుకోవడం మొదలుపెడతారు.

ఇది చూసి నాతో పాటు చూసినవాళ్లందరూ ఒకటే మాట అన్నారు. కుక్కా పిల్లీ కలిసి ఉండవు, ఎన్ని కాగితాలు రాసుకున్నా పుట్టుక పుట్టుకే అని. కుక్క తోక సామెత కూడా ఎవరో అందుకున్నారు. నేను ఒప్పుకోను. రాత్రంతా ఒకే మంచం మీద పడుకున్నారు, పుట్టుక అడ్డు రాలేదు. ఆకలితో ఉన్న ఇంకో పిల్లి చేతిలోంచి ఎలుకను పిల్లే విడిపించింది, అప్పుడూ అడ్డు రాలేదు. సంధి పోయింది సరిగ్గా పంపకం దగ్గర. కొట్టుకోకూడదని రాసుకున్నారు. దొరికినది ఎలా పంచుకోవాలో మాత్రం రాసుకోలేదు. ఎవరు కోయాలి, ఎవరు ముందు తీసుకోవాలి, తేడా వస్తే ఎవరు తీర్చాలి అన్న మూడు ముక్కలు ఆ కాగితంలో ఉంటే సినిమా ఇంకో రకంగా ముగిసేది. నవ్వు తగ్గేదేమో గానీ భోజనం దక్కేది.

పంపకాల సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. హన్నా, బార్బెరా ఇద్దరూ 1940 నుంచి 1958 వరకు ఎం.జి.ఎం. కోసం వందకు పైగా టామ్ అండ్ జెర్రీ సినిమాలు తీశారు. వాటిలో ఏడింటికి ఆస్కార్ వచ్చింది. 1945లో వచ్చిన 'క్వయట్ ప్లీజ్' అందులో ఒకటి. పగలు నిద్రపోవాలనుకునే ఇదే కుక్క, చప్పుడు చేస్తే చంపేస్తానని టామ్‌ను బెదిరించడం, చప్పుడు చేయించడానికి జెర్రీ నానా పాట్లు పడటం దాని కథ. ఆ రోజుల్లో బొమ్మల సినిమాలకు ఆ బహుమతి నిర్మాతకే ఇచ్చేవారు. అందుకని ఏడు ఆస్కార్లూ అందుకున్నది నిర్మాత ఫ్రెడ్ క్వింబీ. పెద్ద ముక్క ఎవరికి పోతుందో హన్నా, బార్బెరాలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

చరిత్ర చదివేవాళ్లకు ఇంకో సంగతి. ఈ సినిమా అమెరికాలో ఆడుతున్న ఆ జూలై నెలలోనే మన తెలుగు నేల మీద ఒక ఒప్పందం అమల్లో ఉంది. భారత ప్రభుత్వానికీ హైదరాబాదు నిజాంకూ మధ్య 1947 నవంబరు 29న కుదిరిన యథాతథ ఒడంబడిక. గడువు ఏడాది. హైదరాబాదు ఎవరి కింద ఉండాలన్న అసలు ప్రశ్నను పక్కన పెట్టి, మిగతావి ఉన్నవి ఉన్నట్టు నడుపుకుందామని దాని సారాంశం. ఏడాది నిండనే లేదు. 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయారు. ఎంతో మంది మనుషుల ప్రాణాలతో ముడిపడిన చరిత్రను కార్టూన్ పక్కన పెట్టకూడదని ఎవరైనా అంటే తలవంచి వింటాను. పక్కన పెట్టిన ప్రశ్న ఎక్కడికీ పోదు అన్నంతవరకే నా పోలిక.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. ఈ పత్రిక చదివేవాళ్లలో ఎక్కువమంది నాలాంటివాళ్లే. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తే సామాను కట్టుకుని కొత్త ఊరు, కొత్త బడి, కొత్త భాష. కేంద్రీయ విద్యాలయాలు 1963లో పుట్టిందే ఇలాంటి ఉద్యోగుల పిల్లల కోసం. పుస్తకాలు అన్నిచోట్లా ఒకటే. ఆటస్థలంలో మాటలు మాత్రం ఒకటి కావు. నేను విశాఖపట్నం నుంచి నాగపూర్ వెళ్లినప్పుడు నాకు హిందీలో లెక్కలు, రంగులు, వారాలు తప్ప ఏమీ రావు. పక్కింటి పిల్లలతో కూర్చుని భాష అడ్డం లేకుండా చూడగలిగింది టామ్ అండ్ జెర్రీ ఒక్కటే. అందులో స్కాట్ బ్రాడ్లీ సంగీతమే మాటల పని చేస్తుంది. టామ్ పిల్లిలా మెల్లగా అడుగులేస్తే వాయిద్యం కూడా అలాగే నడుస్తుంది. వాళ్లు నవ్విన చోటే నేనూ నవ్వాను. స్నేహం మొదలవడానికి అంతకన్నా ఏం కావాలి?

భాష వచ్చాక తంటాలు వేరే రకం. మా అమ్మమ్మ రాజమండ్రి నుంచి ఇందిరాపురం వచ్చినప్పుడు బాల్కనీలోంచి నన్ను "పిల్లా, పైకి రావే" అని కేకేసింది. కింద ఆడుకుంటున్న పిల్లలంతా ఆట ఆపి పొదల్లో వెతకడం మొదలుపెట్టారు. హిందీలో పిల్లా అంటే కుక్కపిల్ల. మనకు పిల్లి వాళ్లకు బిల్లీ, మనకు పిల్ల వాళ్లకు కుక్కపిల్ల. వారం రోజులు నన్ను ఆ పేరుతోనే పిలిచారు. అమ్మమ్మకు ఈ సంగతి చెబితే, "మరి కుక్కపిల్లలో పిల్ల లేదూ!" అంది. ఆవిడతో వాదించి ఎవరూ గెలవలేదు.

నిజం కుక్కకూ నిజం పిల్లికీ మధ్య గొడవలో చాలా వంతు ఇలాంటిదేనట. కుక్క తోక ఊపితే ఎక్కువసార్లు ఆడుకుందాం రమ్మని. పిల్లి తోక అటూ ఇటూ విసిరికొడితే చిరాకుగా ఉంది, దగ్గరికి రాకు అని. కుక్క ఆటకు పిలుస్తూ మీదికి వస్తుంది, పిల్లి పరిగెత్తుతుంది. పరిగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం. రెంటినీ బాగా చిన్నప్పటినుంచి ఒకే ఇంట్లో పెంచితే ఒకదాని తోక ఇంకొకదానికి అర్థమై హాయిగా కలిసి బతుకుతాయి. మన బడుల్లో ఒకే బెంచీ మీద కూర్చునే మలయాళీ, పంజాబీ, అస్సామీ, తెలుగు పిల్లలను చూసినవాళ్లకు ఇందులో వింత ఏమీ ఉండదు.

అయితే ఒకరి భాష ఒకరికి వచ్చినంత మాత్రాన అంతా అయిపోదు. మేం ఉంటున్న చోటు చూసే ఆ మాట అంటున్నాను. ఇందిరాపురం గాజియాబాదు జిల్లాలో ఢిల్లీని ఆనుకుని ఉంటుంది. ఇక్కడి పేటలకు అహింసా ఖండ్, న్యాయ ఖండ్, నీతి ఖండ్, జ్ఞాన ఖండ్, శక్తి ఖండ్, అభయ ఖండ్ అని పేర్లు పెట్టారు. అడ్రసు చెబుతుంటే పురాణం చదువుతున్నట్టు ఉంటుంది. ఢిల్లీలో, నోయిడాలో పనిచేసే ఉద్యోగులు చాలామంది ఇక్కడ ఎత్తైన అపార్టుమెంట్లలో అద్దెకు ఉంటారు. ప్రతి సొసైటీలోనూ, గేటు బయటా, కుక్కలు ఉంటాయి. వాటికి అన్నం పెట్టేవాళ్లు ఉంటారు, వాటిని చూస్తే వణికేవాళ్లు ఉంటారు. 2025 ఆగస్టు వరకు ఈ రెండు పక్షాలూ ఒకరిని చూసి ఒకరు ముఖం తిప్పుకోవడం వరకే.

ఆ నెల 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, నోయిడా, గాజియాబాదు, గురుగ్రామ్ చుట్టుపక్కల వీధి కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చింది. సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకాలు వేసి, పట్టుకున్న చోటే వదలాలి. రేబిస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచే స్వభావం ఉన్నవాటినీ మాత్రం వదలకూడదు. ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదు, అందుకు వేరే స్థలాలు కేటాయించాలి. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తీసేయమని ఇంకో ఉత్తర్వు వచ్చింది. దేశమంతా మాట్లాడింది. మా సొసైటీ వాట్సాప్ గ్రూపు అయితే ఆ పదకొండు రోజులూ పొద్దున్న అయిదింటికి మొదలై రాత్రి ఒంటిగంటకు ఆగేది.

మా బ్లాకులో రెండో తరగతి బాబును అంతకు ముందే ఒక కుక్క పిక్క మీద కరిచింది. వాళ్లమ్మ వెంటనే కుళాయి కింద కాలు పెట్టి పావుగంటసేపు సబ్బుతో కడిగి, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు ఇంజెక్షన్లు. ఆ బాబు ఇప్పటికీ లిఫ్టు దగ్గర కుక్క కనిపిస్తే మెట్లెక్కి ఆరో అంతస్తు వరకు నడుస్తాడు. అదే బ్లాకులో ఉండే ఇంకో ఆంటీ పదకొండు కుక్కలకు తన డబ్బుతో ఆపరేషన్లు, టీకాలు చేయించింది. కాలూ, భూరీ అని వాటన్నిటికీ పేర్లున్నాయి. ఆ కరిచింది వాటిలోది కాదని ఆవిడ అంటుంది. ఆవిడ అన్నం పెట్టబట్టే బయటి కుక్కలు కూడా లోపలికి వస్తున్నాయని వాళ్లంటారు. నేను విన్నంతవరకు ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ఆ బాబు అక్కా, ఈ ఆంటీ కూతురూ నా స్నేహితులే. సాయంత్రాలు నలుగురం బ్యాడ్మింటన్ ఆడేవాళ్లం. ఆగస్టు నుంచి ఆట లేదు. ఒకరు వస్తే ఇంకొకరు రారు. పెద్దవాళ్లు ఎవరూ ఆడొద్దని నోటితో చెప్పలేదు, చెప్పనక్కర్లేకుండానే ఆగిపోయింది. వాళ్లిద్దరిలో ఒకరి నాన్నకు గువాహటికి బదిలీ అయింది. మార్చిలో పరీక్షలవగానే వెళ్లిపోతారు. ఊరు కదలనివాళ్లకు పోట్లాడుకుని రెండేళ్ల తర్వాత కలిసే వీలుంటుంది. మనకు ఉండదు. మనం విద్యా సంవత్సరం లోపల పోట్లాడుకుని విద్యా సంవత్సరం లోపలే కలవాలి.

సంధి ప్రయత్నాలు జరగలేదనుకోకండి. సొసైటీ కమిటీ ఒక ఆదివారం సమావేశం పెట్టింది. టీ, సమోసాలు వచ్చాయి. అందరూ సామరస్యంగా ఉండాలని తీర్మానం రాసి నోటీసు బోర్డులో అంటించారు. ఒకరినొకరు నిందించుకోకూడదని కూడా రాశారు. కుక్కలకు తిండి ఎక్కడ పెట్టాలి, ఎన్నింటికి పెట్టాలి అన్న మాట మాత్రం అందులో లేదు. దాని మీద ఏకాభిప్రాయం రాలేదట, అందుకని వదిలేశారట. ఆ కాగితం చదువుతుంటే నాకు మాంసపు ముక్క కళ్ల ముందు కదిలింది. మూడోరోజుకే గేటు దగ్గర గిన్నెలు ఎవరో విసిరికొట్టారు, మళ్లీ మొదలు.

చిత్రం ఏమిటంటే, పంపకం ఎలా చేసుకోవాలో రాసిన కాగితం ఎప్పటినుంచో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023లో జంతు జనన నియంత్రణ నిబంధనలు ప్రకటించింది. వాటిలో 20వ నిబంధన చదవండి. తిండి పెట్టే స్థలాన్ని నివాసుల సంఘమే ఏర్పాటు చేయాలి. అది పిల్లలు ఆడుకునే చోటికీ, మెట్లకూ, భవనం ద్వారాలకూ దూరంగా, పిల్లలూ వృద్ధులూ అంతగా తిరగని చోట ఉండాలి. వేళ కూడా వాళ్లు తిరిగే వేళలు చూసి నిర్ణయించాలి. తేడా వస్తే తీర్చడానికి పశువైద్యాధికారి, పోలీసు ప్రతినిధి మొదలైనవాళ్లతో కమిటీ ఉండాలి. అందులో ఫిర్యాదు చేసినవాళ్లకూ, నివాసుల సంఘానికీ చోటుంది. ఎవరు కోయాలి, ఎవరికి ఎంత, తగువు ఎవరు తీర్చాలి అని నేను పైన అడిగిన మూడూ ఇందులో ఉన్నాయి. అన్నం పెట్టే పక్షం దీన్ని 'తిండి పెట్టవచ్చు' వరకే చదువుతుంది. భయపడే పక్షం 'దూరంగా' అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. రెండు పక్షాలూ పూర్తిగా చదివితే సగం గొడవ ఆ రోజే తీరుతుందని నా నమ్మకం.

ఇంకొకటి నాకు మింగుడుపడనిది. మా సొసైటీ సమావేశంలో ఓటు ఫ్లాటు యజమానికే. అద్దెకున్నవాళ్లు కూర్చుని వినవచ్చు. మా నాన్న వెళ్లి కూర్చుని విని వచ్చారు. కుక్కలున్న దారిలో రోజూ నడిచేది అద్దెవాళ్లూ, వాళ్ల పిల్లలూ, పనికి వచ్చే అక్కలూ. యజమానుల్లో చాలామంది వేరే ఊళ్లలో ఉంటారు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలో పిల్లి లేని ఊళ్లో కూర్చుని తేల్చినట్టుంది. సినిమాలో ఎలుకది అరచేయంత ప్రాణం. అయినా కుక్క ఒప్పందం రాసినప్పుడు వాడి సంతకం కూడా తీసుకున్నాడు. ఆ ఒక్క విషయంలో ఆ బుల్‌డాగ్ మా కమిటీ కన్నా నయం.

పంపకం ముందే తేల్చుకున్న సంధి ఎలా ఉంటుందో చూపించే కథ మన దగ్గర ఉంది. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు అంపశయ్య మీదనుంచి ధర్మరాజుకు చెబుతాడు. ఒక పెద్ద మర్రిచెట్టు మొదట్లో పలితుడనే ఎలుక, కొమ్మల్లో లోమశుడనే పిల్లి. ఒక రాత్రి పిల్లి వేటగాడి వలలో చిక్కుకుంటుంది. ఎలుక సంబరంగా బయటికి వచ్చి ఎరగా పెట్టిన మాంసం తింటూ తల తిప్పి చూస్తే, కింద ముంగిస కాచుకుని ఉంది, పైన గుడ్లగూబ. అప్పుడు ఎలుక పిల్లితో బేరం పెడుతుంది. నన్ను నీ ఒడిలో దాచు, నీ వల నేను కొరుకుతాను. పిల్లి ఒప్పుకుంటుంది. ఎలుక వెళ్లి దాని ఒడిలో కూర్చోవడం చూసి ముంగిసా గుడ్లగూబా ఆశ వదులుకుని పోతాయి. ఎలుక తాళ్లు కొరుకుతుంది గానీ, చివరి తాడు మాత్రం ఉంచుతుంది. త్వరగా కానీయమని పిల్లి తొందరపెడితే, వేటగాడు కనిపించాక కొరుకుతాను, అప్పుడైతే నీకు పారిపోయే పని తప్ప నన్ను తినే తీరిక ఉండదు అంటుంది. తెల్లారుతుంది. వేటగాడు కుక్కలతో సహా వస్తాడు. ఎలుక చివరి తాడు కొరుకుతుంది. పిల్లి చెట్టుమీదికి, ఎలుక కన్నంలోకి.

ఆ ఒప్పందంలో ఎవరు ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎంతవరకు చేయాలి అన్నీ ఉన్నాయి. ఒకరిని ఒకరు నమ్మాల్సిన అవసరం వీలైనంత తక్కువ. అందుకే నిలిచింది. కథలో ఆ తర్వాత వచ్చే భాగం మాత్రం నాకు కష్టంగా ఉంటుంది. ఆపద తీరాక పిల్లి, రా మిత్రమా, కలిసి ఉందాం అని పిలుస్తుంది. అవసరం కొద్దీ కలిశాం, అవసరం తీరింది, నువ్వు బలవంతుడివి, నేను నీ ఆహారాన్ని, దూరంగానే ఉందాం అని ఎలుక చెప్పేస్తుంది. ఎలుకగా దాని మాట నూటికి నూరు పాళ్లు సరైనదే. రాజనీతిగా కూడా సరైనదే కావచ్చు. కానీ మూడేళ్లకో ఊరు మారే పిల్లలు స్నేహాన్ని ఈ లెక్కన చూస్తే ఏ ఊళ్లోనూ ఎవరితోనూ కలవరు. ఎలాగూ వెళ్లిపోతాం కదా అని కొత్త బడిలో ఎవరితోనూ మాట్లాడకుండా రెండేళ్లు గడిపినవాళ్లు నాకు తెలుసు. వాళ్లందరూ పలితుడి శిష్యులే. నాకు కావలసింది సంధి రాసుకునేటప్పుడు పలితుడి తెలివి, రాసుకున్నాక టామ్ చేసినట్టు వీధిలో ఇంకొకరి కోసం అడ్డుపడటం.

ఈ మాటలన్నీ ఇంట్లో కూర్చుని చెప్పడం తేలిక కాబట్టి పోయిన నెల మేం పిల్లలం ఒక పని చేశాం. విడివిడిగా ఇద్దరు స్నేహితురాళ్లతోనూ మాట్లాడి, టేపు పట్టుకుని సొసైటీ అంతా కొలిచాం. జనరేటర్ గది వెనక, గోడ పక్కన ఒక ఖాళీ చోటుంది. ఆటస్థలానికీ, లిఫ్టులకూ అన్నిటికన్నా దూరం అదే. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత అటు పిల్లలెవరూ వెళ్లరు, పెద్దవాళ్ల నడక కూడా అప్పటికి అయిపోతుంది. గిన్నెలు పది గంటలకల్లా తీసేయాలి, కడగడం పెట్టినవాళ్ల వంతు. కొత్త కుక్క ఏదైనా లోపలికి వస్తే గార్డు భయ్యా ఒక నోటుపుస్తకంలో రాయాలి, ఆంటీ దానికి టీకా వేయించే ఏర్పాటు చూడాలి. కరిచే కుక్క అని ఇద్దరు చెబితే నగరపాలక సంస్థకు ఫోన్ చేయాలి, అప్పుడు ఆంటీ అడ్డు చెప్పకూడదు. ఇవన్నీ ఒక పేజీలో రాశాం. హిందీ రాత నాది కాదు, నా అక్షరాలు ఇంకా అంత బాగుండవు. తొమ్మిది మంది సంతకం పెట్టాం. ఆ బాబు కూడా పెట్టాడు, రెండో తరగతి కాబట్టి పేరు మొత్తం రాశాడు.

కమిటీ అంకుల్ చదివి, బాగుందన్నారు. అజెండాలో పెట్టాలంటే మాత్రం ఒక్క యజమాని సంతకమైనా ఉండాలన్నారు. తొమ్మిది మందిలో ఎనిమిది మందిమి అద్దె ఇళ్ల పిల్లలమే. తొమ్మిదో అబ్బాయి వాళ్ల నాన్న, నన్ను ఈ గొడవలోకి లాగకండి అన్నారు. మా ఇంటి యజమాని పుణేలో ఉంటారు. నాన్న ఆ కాగితం ఫోటో తీసి ఆయనకు వాట్సాప్‌లో పంపారు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. సమావేశం వచ్చే నెల రెండో ఆదివారం.